గాలి పండుకున్న పొద్దున, గౌలిపురలో గుల్బర్గా బొమ్మ

చలికాలం వస్తే అందరూ అరకు పోతారు, లంబసింగి పోతారు. నేను గౌలిపుర పోయాను. దూరపు రేడియో, టీవీ స్టేషన్లను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న పిచ్చివాళ్ళ గ్రూపు ఒకటి నా ఫోన్‌లో ఉంది. పాతబస్తీలో ఒక ఇంట్లో చలి పొద్దుల్లో గుల్బర్గా టీవీ కనిపిస్తుందని, అది కూడా డిష్షు లేకుండా డాబా మీది పాత యాంటెన్నాతోనే అని అందులో ఒకాయన రాశాడు. గుల్బర్గా మనకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మామూలు రోజుల్లో అంత దూరపు సిగ్నల్ మన దాకా రాకుండా ఆకాశంలోకి పోతుంది. కానీ ఆకాశం తేటగా ఉండి, గాలి ఆడని చలి రాత్రి గడిచిందంటే, తెల్లవారేసరికి నేల దగ్గర గాలి చల్లగానూ పైన వెచ్చగానూ ఉంటుంది. ఆ వెచ్చని పొర గిన్నె మీద మూతలా సిగ్నల్‌ను కిందికి వంచి ఎక్కడికో తీసుకుపోతుంది. ఎండెక్కగానే మూత పోతుంది, దాంతో బొమ్మా పోతుంది. ఇదంతా చదవడమే తప్ప కళ్ళారా చూసింది లేదు. ఆయన ద్వారానే ఆ ఇంటివాళ్ళను అడిగించి, డిసెంబర్‌లో గాలి లేని రోజు ఒకటి చూసుకుని బయలుదేరాను.

సీతాఫల్‌మండిలో ఫలక్‌నుమా వైపు వెళ్ళే తొలి లోకల్ ఎక్కాను. టికెట్టు ఐదు రూపాయలే, టీ కన్నా చవక. కిటికీ మూసుకున్నా చలి మాత్రం టికెట్టు లేకుండానే లోపలికి వచ్చి నా పక్కనే కూర్చుంది. దబీర్‌పురాలో దిగి, స్టేషన్ బయట వేడి చాయ్ గొంతులో పోసుకుంటే గానీ మాట పెగల్లేదు. ఆటో ఎనభై రూపాయలకు కుదిరింది. "ఇత్తే సుబూ సుబూ, దూద్ లేనే కు ఆయే క్యా మేడం?" అన్నాడు డ్రైవరు. ఇంత పొద్దున్నే గౌలిపురకు పాల కోసం తప్ప ఇంకెందుకు వస్తారని ఆయన లెక్క. నా విరిగిన హిందీలో టీవీ చూడడానికని చెప్పాను. అద్దంలోంచి నన్ను కాసేపు చూసి, ఆ తర్వాత దారంతా ఏమీ అడగలేదు. ఉప్పుగూడలో దిగి ఉంటే ఇంకా దగ్గరని దించేటప్పుడు మాత్రం చెప్పాడు.

ఏడు కాకముందే ఆ ఇంటి ముందున్నాను. కింద కొట్టం, అందులో మూడు బర్రెలు, పక్కన రెండు గదులు. అక్కడ తమ్ముడు యాదగిరి ఉంటాడు. పై అంతస్తూ డాబా అన్న మల్లేశానివి. పేర్లు నేను మార్చాను. పాలు పిండడం ముగించి చేతులు కడుక్కుంటూనే యాదగిరి నన్ను లోపల డబ్బా టీవీ ముందు కూర్చోబెట్టి కథంతా చెప్పాడు. వాళ్ళ అమ్మ పుట్టిల్లు గుల్బర్గా. కన్నడం మాట చెవిన పడితే ఆవిడకు పండగే. ఆమె కోసమే అన్నదమ్ములిద్దరూ ఇనప పైపు నిలబెట్టి యాంటెన్నా కట్టారట. గాలి పండుకున్న రోజే బొమ్మ వస్తుందని ఆవిడే కనిపెట్టిందట. ఆమె పోయాక బర్రెల దగ్గర లొల్లి మొదలైంది. పట్నంలో ఇంకా ఈ పేడ పని ఎందుకు, అమ్మేద్దామని అన్న, అమ్మ చేతి బర్రెలు అమ్మేది లేదని తమ్ముడు పట్టుబట్టారు. ఇల్లు పంచుకున్నారు, మాటలు మానేశారు. ఆడవాళ్ళూ పిల్లలూ పైకీ కిందికీ మామూలుగానే తిరుగుతారు, వీళ్ళిద్దరే పంతం మీద ఉన్నారు. పంపకాల్లో టీవీ కిందికి పడింది, యాంటెన్నా పైకి పడింది.

అందుకని చలికాలపు పొద్దుల్లో యాదగిరి కింద నుంచి పైపును రెండుసార్లు కొడతాడు. మల్లేశం డాబా ఎక్కి దాన్ని తిప్పుతాడు. వచ్చిందా, రాలే, ఆగు, ఇంకొంచెం. ఏళ్ళ తరబడి వాళ్ళ మధ్య మాటలు ఇవే. ఆ అరుపుల్లో అన్నా అని గానీ తమ్మీ అని గానీ ఉండదు. ఇది చెబుతున్నప్పుడు యాదగిరి నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఆ పొద్దున వాతావరణం నాకోసమే పుట్టినట్టుంది. పొయ్యి పొగ కూడా పైకి లేవక కొట్టం మీదే పడుకుని ఉంది. యాదగిరి పైపు కొట్టాడు, పైన అడుగుల చప్పుడైంది, పైపు కిర్రుమంది. తెర నిండా చుక్కలే. ఎంత తిప్పినా చుక్కలే. ఎందుకైనా మంచిదని నా సంచిలోని చిన్న రేడియో తీసి తిప్పితే, కన్నడ ఎఫ్ఎం స్టేషన్ ఒకటి పక్క గదిలోంచి మాట్లాడినట్టు పలికింది. అంటే మూత బాగానే పడింది, తప్పు గాలిది కాదు. అనుమానం వచ్చి ఫోన్ తెరిచాను. గుల్బర్గా టవర్ ఆపేశారని గ్రూపులో ఎవరో రాత్రే పెట్టారు. ఊరూరా పాత టవర్లు ఒక్కొక్కటే మూసేస్తున్న కాలం కదా, దానికీ వంతు వచ్చింది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి ఫోన్ యాదగిరి చేతికిచ్చాను.

రెండుసార్లు చదువుకున్నాడు. ఫోన్ బోర్లా పెట్టి, గొంతు తగ్గించి, "బొమ్మ బంద్ అయితే మా మాట బంద్ అయినట్టే గద బిడ్డా" అన్నాడు.

"వచ్చిందా?" పైనుంచి మల్లేశం కేక.

యాదగిరి తెర వైపు చూశాడు, నా రేడియో వైపు చూశాడు. రేడియో తీసుకుని మెట్ల దగ్గర పెట్టి గొంతు పెంచాడు. కన్నడం మెట్లెక్కి పైకి పోయింది.

"వచ్చింది అన్నా."

పైన పైపు కిర్రుమనడం ఆగింది.

"ఏం చూపిస్తున్నరు?" అన్నాడు మల్లేశం, కేక కాదు, మామూలు గొంతుతో.

"ఎడ్లను చూపిస్తున్నరు. ఏదో సంత ఉన్నట్టుంది."

"అమ్మ ఉంటే ఏ ఎద్దు ఏ జాతో చెప్తుండె." మళ్ళీ తనే అడిగాడు, "నేను దిగి రావాల్నా?"

దిగితే ఈ చుక్కలే కనబడతాయని నేను మెట్ల వైపు చూశాను. యాదగిరి మాత్రం తొణకలేదు. "వద్దన్నా, నువ్వు పైపు ఇడిస్తే బొమ్మ పోతది" అన్నాడు.

అలా ఆ పెద్దాయన చలిలో పైపు పట్టుకుని నిలబడ్డాడు. ఈయన చుక్కల తెర ముందు కూర్చుని లేని సంతను వర్ణించాడు. అమ్మ సంగతులు, మేనమామ ఇంటి జొన్నరొట్టెలు, చిన్నప్పుడు బర్రె తన్నిన తన్ను, అన్నీ ఆ మెట్ల మీద పైకీ కిందికీ తిరిగాయి. యాదగిరి భార్య నాకు చాయ్ తెచ్చి, తెరను చూసి, మొగుణ్ణి చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. ఎండ గడపలోకి వచ్చాక పైనుంచే మాట వచ్చింది: "ఎండెక్కింది. ఇగ పోయి ఉంటది." పోయిందని తమ్ముడన్నాడు. రేపు చూద్దామని అన్న అన్నాడు.

నన్ను ఆటో ఎక్కించడానికి మల్లేశమే సందు చివరిదాకా వచ్చాడు. నా రేడియో బాగా పలుకుతోందని మెచ్చుకున్నాడు. నేను నేల చూపులు చూశాను. అప్పుడు ఆయన అన్నాడు, "టవర్ బంద్ పెట్టిన్రని గుల్బర్గా నుంచి మా మామ కొడుకు పోయిన వారమే ఫోన్ చేసి చెప్పిండు. తమ్మునికి చెప్పకు బిడ్డా. తెలిస్తే వాడు ఇగ పైపు కొట్టడు."

ఆటోలో కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను, ఆ మాట దాచను. వాతావరణాన్ని నమ్మలేమని ఇన్నాళ్ళూ విసుక్కున్న నాకు దాని నిలకడలేనితనం మీద ఆ రోజు ప్రేమ పుట్టింది. రేపు బొమ్మ రాకపోతే గాలి లేచిందనుకోవచ్చు, ఎల్లుండి మబ్బు పట్టిందనుకోవచ్చు. ఈ చలికాలం గడిస్తే ఇంకో చలికాలం ఉంటుంది. వాళ్ళిద్దరిలో ఎవరూ బ్లాగులు చదివే రకం కాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. డిసెంబర్, జనవరి నెలల్లో ఆకాశం తేటగా ఉండి గాలి లేని రాత్రి చూసుకుని, మర్నాడు ఎండెక్కకముందే ఉప్పుగూడలో దిగండి, చిన్న ఎఫ్ఎం రేడియో వెంట పెట్టుకోండి. ఎవరింట్లోనైనా మిమ్మల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, పైనుంచి వచ్చిందా అని అడిగితే మాత్రం తెర వైపు చూడకండి. వచ్చిందనే చెప్పండి.