వాదీ హనీఫా వంతెన కింద నాన్న చప్పుడు

దయ్యాల గురించి ఎవరైనా మొదలుపెడితే నాకు నవ్వొస్తుంది. రియాద్‌లోని సులై లేబర్ క్యాంపులో మా గదిలో ఎవరైనా భయపడితే, కిటికీ గీకి ఇంకాస్త భయపెట్టే రకం నేను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న మంచిర్యాల దగ్గర బొగ్గు బావిలో పనిచేసేవాడు. లోపల అడుగు వేసే ముందు పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి చప్పుడు వినేవాడు. ఖంగుమంటే గట్టిది. బోలుగా పలికితే పైన పొర వదులైనట్టు, వెనక్కి రావాల్సిందే.

ఆ అలవాటు బయట కూడా పోలేదు. వానలు తగ్గాక సెలవు పెట్టి, నన్ను దోనెలో ఎక్కించుకుని, గోదావరి మీద కాళేశ్వరం దాకా రోజుల తరబడి తెడ్డు వేసేవాడు. దారిలో ఏ వంతెన వచ్చినా ఆగి తెడ్డుతో స్తంభాన్ని కొట్టేవాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. నేను పగలబడి నవ్వేవాణ్ని.

"నవ్వకు బిడ్డా. సప్పుడు ఇనకుండ దేని కిందికీ పోవద్దు" అనేవాడు.

ఇసుక తిన్నెల మీద ఆయన వండిన చేపల పులుసు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

నిరుడు ఆయన పోయాడు. వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, ఊళ్లో లేడు; ఇంటికెళ్లి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం దొరకలేదు. ఆఖరి చూపు దక్కలేదు. ఒక్కసారి ఆయన గొంతు వింటే చాలని ఎంత తపించానో నాకే తెలుసు.

కొన్నాళ్లకు రియాద్‌లో వాదీ హనీఫా శుభ్రం చేసే పని పడింది. వాదీ అంటే మన వాగే. నేనూ, పాకిస్తానీ యూసుఫ్ భాయ్ చిన్న పడవలో తిరుగుతూ ప్లాస్టిక్ ఏరేవాళ్లం. ఒక మధ్యాహ్నం పాత వంతెన కింద సంచులు గుట్టగా కనిపించాయి. తొందరలో పడవను నేరుగా పోనిచ్చాను.

వంతెన లోపలి నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. కాస్త ఆగి ఇంకొకటి. బోలుగా. నాకు తెలియకుండానే తెడ్డు వెనక్కి వేశాను.

"కౌన్ ఠోక్ రహా హై, భాయ్?" ఎవరు కొడుతున్నారని అడిగాడు యూసుఫ్ భాయ్. ఆయనకూ వినిపించిందన్నమాట.

పడవ బయటికి వచ్చిందో లేదో, వంతెన కప్పు నుంచి పెద్ద పెళ్ల ఊడి నీళ్లలో పడింది.

తర్వాత చూస్తే లోపల మనిషి లేడు. పైన బండీ లేదు. కాంక్రీటు పగిలే చప్పుడన్నాడు మా ఇంజినీరు. అయ్యుండొచ్చు. కానీ అది నాన్న కొట్టే వరసలోనే పలికింది.

యూసుఫ్ భాయ్ ఒడ్డున కూర్చుని అల్లాకు శుక్రియా చెప్పుకున్నాడు. నాకు మాత్రం బతికిపోయానన్న సంతోషం రాలేదు. పొద్దు వాలేదాకా పడవలోనే, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, ఇంకోసారి కొడతాడేమోనని వింటూ కూర్చున్నాను.

మళ్లీ కొట్టలేదు.