పోత అన్నడో, పోయొస్త అన్నడో

"చిన్నమ్మ పోయింది వదినా" అని మా మరిది ఫోన్ చేశాడు. దుఃఖం కన్నా ముందు నాకు ఉలికిపాటు కలిగింది. ఆ ఇంట్లో 'పోవడం' అనే మాటను ఒంటరిగా అననిచ్చేది కాదు ఆమె. దాని వెంట 'రావడం' కూడా ఉండాల్సిందే. అలాంటి మనిషి గురించే ఆ మాట ఒంటరిగా వచ్చి నా చెవిలో పడింది. వనపర్తిలో బస్సెక్కి గద్వాల దారి పట్టాక గాని నాకు ఏడుపు రాలేదు.

ఆమె మా అత్తగారి చెల్లెలు, నాకు చిన్నత్త. నేను కొత్తకోట నుంచి గద్వాలకు కోడలిగా వచ్చేనాటికి ఆమె ఇంట్లో వెనక గదిలో మగ్గం, ముందు గదిలో వీడియో గేముల దుకాణం ఉండేవి. అవి తొంభైల తొలినాళ్లు. దుకాణం పెట్టింది మా ఆయన. టీవీలు, మిషన్లు తెచ్చి పెట్టి, తను మాత్రం చీరల పని మీద ఊళ్లు తిరిగేవాడు. పిల్లల్ని అదిలించేదీ, తగువులు తీర్చేదీ చిన్నత్తే. నేను మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఆమెకు తోడుండేదాన్ని. ఆట అయిపోయి లేచిన పిల్లవాడు "పోతున్న అవ్వా" అంటే చాలు, వెనక్కి పిలిచేది.

"ఏమన్నవ్ రా? మల్ల అను."

"పోయొస్త అవ్వా" అన్నాకే వాడికి విడుదల. కొంటె వెధవలు కొందరు కావాలనే తప్పు చెప్పి, రెండుసార్లు పిలిపించుకుని నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. సంగతి నాకు మా అత్తగారు చెప్పేదాకా.

ఎనభైల్లో ఒకనాడు చిన్నత్త భర్త, మా చిన్నమామ, చీరల మూట వీపుకెత్తుకుని షోలాపూర్ బయలుదేరాడట. తిరిగి రాలేదు. చుట్టాలు వెళ్లి వెతికారు, బేరగాళ్లను అడిగారు, జాడ లేదు. ఆయన గడప దాటేటప్పుడు చిన్నత్త మగ్గం మీద ఉంది. తల ఎత్తలేదు. ఆయన అన్నది ఆమెకు 'పోత' అనే వినిపించింది. మా వైపు ఇల్లు దాటే మనిషి పోత అని ఊరుకోడు. అలా అన్నాడంటే రానని చెప్పినట్టే అని ఆమె లోపల ఏళ్ల తరబడి నలిగింది. బొట్టు మాత్రం తీయలేదు. తీయమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇదంతా తెలిశాక ఆ గేము సంగతి నాకు అర్థమైంది. దుకాణంలో ఉన్న క్యాసెట్లలో ఒకదాన్ని పిల్లలు మూట గేమ్ అనేవారు. జపాను దేశంది, అక్షరాలన్నీ వాళ్ల లిపే. మూట మోసే మనిషి ఒకడు కొండలూ వాగులూ దాటి ఇల్లు చేరతాడు. తలుపు తెరుచుకుంటుంది, లోపల ఒక ఆడమనిషి. అక్కడితో కథ సుఖాంతం అనుకుంటాం. కానీ వాడు మూట మళ్లీ ఎత్తుకుని గడప దాటి, వెనక్కి తిరిగి చెయ్యెత్తుతాడు. కింద ఒక్క వరుస అక్షరాలు వస్తాయి. ఆడమనిషి గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. సన్నగా ఒకటే పాట తిరిగి తిరిగి వస్తుంది. అంతే, ఆట అక్కడ నిలిచిపోతుంది.

పిల్లలకు ఆ గేమ్ విసుగు. చిన్నత్తకు అది పట్టుకుంది. నేతకు అలవాటైన వేళ్లు కదా, తొందరగానే నేర్చుకుంది. మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు చివరిదాకా ఆడి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ అక్షరాలను చూస్తూ కూర్చునేది. కరెంటు పోయి తెర నల్లబడితే తప్ప లేచేది కాదు. ఆ పాట వింటూ కండెలు చుట్టాలంటే నాకు జంకుగా ఉండేది. కొన్నిసార్లు తెర మీది ఆ చుక్కల మనిషి మా వెనక వాకిట్లోనే నిలబడ్డాడనిపించేది.

"గాయిన ఏమంటుండో నాకు తెల్వాలె" అంది ఒకసారి. "పోత అంటుండో, పోయొస్త అంటుండో."

ఆ గేముకు రెండో భాగం వస్తుందని, మూట మనిషి తిరిగొచ్చేదీ రానిదీ అందులో తెలుస్తుందని హైదరాబాదులో క్యాసెట్లు అమ్మే అతను చెప్పాడు. దసరాకన్నాడు, ఉగాదికన్నాడు. ఆ పండుగలు వెళ్లిపోయాయి. చిన్నత్త అతన్ని ఒక్క మాట అనలేదు. "మగ్గం మీదున్న చీరను తొందరవెడ్తే వస్తదా" అనేది. చివరికి అతను, అసలు దాన్ని జపాను దాటిస్తారో లేదో తనకూ తెలియదని చేతులెత్తేశాడు. ఆ పూట ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

అలాంటప్పుడు జపాను నుంచి ఒకావిడ మా చీరల నేత చూడడానికి గద్వాల వస్తోందని తెలిసింది. ఆమె మా ఇంటికి వచ్చే రోజు చిన్నత్త పొద్దున్నే టీవీ ముందు కూర్చుంది. పిల్లల్ని రానివ్వలేదు. ఆవిడ వచ్చేసరికి తెర మీద ఆ మనిషి గడప దాటి చెయ్యెత్తి ఉండాలి. కరెంటు పోకూడదని నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

వచ్చినావిడ మగ్గం చూసింది, జరీ అంచు తడిమి చూసింది. చిన్నత్త ఆమె చెయ్యి పట్టుకుని ముందు గదికి తెచ్చి, తెర మీద అక్షరాలను వేలితో చూపింది. ఆవిడ చదివి నవ్వింది. వెంట వచ్చిన దుబాసీ ఆయన తెలుగులో చెప్పాడు.

"వెళ్లొస్తాను అంటున్నాడమ్మా. వాళ్ల దేశంలోనూ ఇల్లు దాటేటప్పుడు అందరూ అనే మాటే అదట. ఉత్త 'వెళ్తాను' అనరట."

రెండో భాగం గురించి నేనే అడిగాను. అక్కడ కూడా వాయిదాల మీద వాయిదాలేనట. వచ్చినా బయటి దేశాలకు పంపుతారో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారట.

చిన్నత్త వాళ్లకు భోజనాలు పెట్టి, వీధి చివరిదాకా వెళ్లి సాగనంపింది. తిరిగొచ్చి మగ్గం దగ్గర నిలబడింది. సంతోషిస్తుందనుకున్నాను.

"మగ్గం సప్పుడుల నాకు సగమే ఇనొచ్చిందేమో" అంది. "మీ చిన్నమామ పోయొస్త అనే అన్నడేమో. గట్లయితే ఆయిన కోసం సూడాలె గదనే ఇగ."

రాడని సర్దుకున్న మనిషికి మళ్లీ ఎదురుచూపు అంటుకుంది. ఆ రోజు నుంచి వీధి తలుపుకు గొళ్లెం పెట్టనివ్వలేదు. ఇంట్లో ఎవరు ప్రయాణమై లేచినా మగ్గం ఆపేసి, వాళ్ల నోటి వంకే చూసేది. మాట మొత్తం విన్నాకే మగ్గం మీద నాడె మళ్లీ కదిలేది. దుకాణం మూతపడింది. మేము వనపర్తికి మారాం. రెండో భాగం రానే లేదు. వెళ్లినప్పుడల్లా ఆ గడప దగ్గర, ఆపేసిన మగ్గం నిశ్శబ్దంలో, పోయొస్త చిన్నత్తా అని నేను గట్టిగా చెప్పేదాన్ని. నా మీద అంత శ్రద్ధ పెట్టి నా మాట విన్నవాళ్లు మరొకరు లేరు.

మొన్న ఆమెను ముత్తైదువగా పంపాలా వద్దా అని పెద్దలు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా అత్తగారు చెల్లెలి నుదుట కుంకుమ దిద్దింది. దహనం అయి వచ్చాక ఒక్కొక్కరూ లేచి, చెప్పకుండా వెళ్లిపోయారు. చావింట్లో 'పోయొస్త' అనకూడదు. ఆ సంగతి నాకూ తెలుసు. బస్సు వేళకు లేచి గడప దాకా వచ్చాను. వెనక గదిలో సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. అలవాటుగా నోరు జారింది.

"పోయొస్త చిన్నత్తా."

ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, గట్ల అనొద్దు బిడ్డా అని మందలించింది. ఇల్లు సద్దుమణిగి ఉంది. నేనన్న మాట వెనక గది దాకా మొత్తం వినిపించే ఉంటుంది. వీధి మలుపులో తిరిగి చూశాను. తలుపు వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. గొళ్లెం కిందికి వేలాడుతూ కొద్దికొద్దిగా ఊగుతోంది.