ఒక బకెట్టు వేడినీళ్ళు

కొండంత బరువు మోశానని చెబితే నమ్మకండి. అది అందరూ అనే మాట. నేను ఇన్నేళ్ళూ మోసింది ఒక బకెట్టు నీళ్ళ బరువు. కొండ మీద ఎత్తుకున్నాను, దించే చోటు దొరకలేదు. ఇంట్లో చెప్పలేను. వాళ్ళు ఈ కథను ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు, ఆ నవ్వు నేర్పింది నేనే. అందుకే మీకు చెబుతున్నాను. మీరు నా పేరు అడగరు.

మాది జనగామ. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో కాలేజీ మూతపడితే నాన్న పత్తి దుకాణంలో కూర్చున్నాను. కాలేజీ మళ్ళీ తెరిచారు గాని నేను లేవలేదు. పదేళ్ళు గడిచాక, ఒక ఎండాకాలం, పత్తి సీజన్ అయిపోగానే, మార్కెట్లోని నాలుగైదు కుటుంబాల వాళ్ళం కలిసి సిమ్లా దాటి ఇంకా పైకి, మంచు కనిపించే ఊరికి షికారు బయలుదేరాం. అందరం షావుకార్లమే, బయటి తిండి పడదు. బియ్యం, పప్పు, తొక్కు జాడీలు, కిరోసిన్ స్టవ్వు మూటగట్టుకున్నాం. చివరి మూటగా పెద్దమ్మను రైలెక్కించుకున్నాం.

పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య. పెళ్ళయిన కొన్నేళ్ళకే ఆయన పోయాడు. పిల్లల్లేరు. పుట్టిల్లు గార్ల, మెట్టినిల్లు జనగామ. ఆ రెండింటి మధ్య రైలు కిటికీలోంచి కనిపించిందే ఆమె చూసిన లోకం. మా ఇంటి పొయ్యి ఆమెది. మడి ఆమెది. పొద్దున్నే స్నానం చేసి, ఎవరూ ముట్టని చీర కట్టుకుంటే తప్ప పొయ్యి ముట్టేది కాదు. “గుడి లేని గుట్టకు పోవుడేందిరా?” అని మొదట నవ్వింది. ఢిల్లీ దాటాక మాత్రం చిన్నపిల్లలా ఒకటే అడగడం మొదలుపెట్టింది.

“మంచు ముట్టుకుంటె ఉప్పు తీరు ఉంటదా, పత్తి తీరు ఉంటదారా?”

పత్తి వాణ్ణి గనక నన్నే అడిగింది. ముట్టుకొని నువ్వే చెప్పాలి అన్నాను.

కొండమీద మొదటి తెల్లవారుజాము. రాత్రంతా కురిసిన వాన, బయట ఒకటే మబ్బు. చేతులు చంకల్లోంచి బయటికి తీయలేని చలి. కట్టెలు తడిసిపోయాయని, ఇంతకంటే కాగలేదని, గెస్ట్‌హౌస్ కాపలాదారు ఒకే ఒక బకెట్టు వేడినీళ్ళు పట్టుకొచ్చాడు. అది వంట చేసే అమ్మకు అని మా బాబాయి ముందు రోజే అతనికి చెప్పిపెట్టాడు. అందరికంటే ముందు లేచింది నేను. బకెట్టు నా చేతిలో పెట్టి, అమ్మకు ఇవ్వమని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

ఇస్తాననే తీసుకున్నాను. ఆవిరి ముఖానికి తగిలింది. ఒక్క చెంబు అనుకున్నాను. తర్వాత సగం మిగల్చుదామనుకున్నాను. సగం దాకా వచ్చాక, మిగిలిన దాంట్లో సగం చాలదా ఆమెకు అనుకున్నాను. దుకాణంలో తూకం దగ్గర ఎన్నడూ అంత ఉదారంగా నాకు నేను మొగ్గు చూపుకోలేదు.

స్నానాలగది తలుపు తీసేసరికి పెద్దమ్మ చెంబు పట్టుకొని నిలబడి ఉంది.

“నీళ్ళు వచ్చినయా బిడ్డా?”

“వచ్చినయి గాని నీకు పనికిరావు పెద్దమ్మా. మాంసం వండిన గిన్నెల కాచిండట వాడు. పారవోసిన.”

“శివ శివా! మరి నువ్వెట్ల చేసినవురా స్నానం?”

“నల్లా నీళ్ళే. మొదటి చెంబుకే సలి, తర్వాత ఏంగాదు.”

ఆమె కళ్ళలో మెచ్చుకోలు కనబడింది. ఎప్పుడూ మడి గిడి అంటే వెక్కిరించేవాణ్ణి మరి.

“సిన్నోనివి నువ్వు పోసుకున్నంక నాకేందిరా? మంది ఆకలితోటి లేస్తరు” అంటూ కొంగు తీసి నా తల తుడిచింది. “జర మంచిగ ఆర్చుకో. పడిశం పడుతది.”

ఆ మాంసం గిన్నె నాకెలా తోచింది? ఇప్పటికీ ఆశ్చర్యమే. చదువు వంటబట్టని బుర్రకు, ఆమె మారు మాట్లాడకుండా నమ్మే అబద్ధం మాత్రం క్షణంలో దొరికింది. వాడుకున్నాను అని చెబితే ఏమయ్యేది? “పోనీ తియ్యి” అనేది. లేకపోతే స్టవ్వుంది. స్నానం కాకుండా ఆమె ముట్టదు, కాని నేను ముట్టవచ్చు. ఒక గిన్నెడు కాచి ఇవ్వలేనా? ఇవ్వగలను. కాని కాస్తే, మరి నువ్వెందుకు కాచుకోలేదురా అని అడుగుతుందేమో. మొదటి అబద్ధానికి కాపలాగా కూర్చున్నాను, కంబళి కప్పుకొని.

గోడ అవతల నల్లా తిప్పిన చప్పుడు. మొదటి చెంబు పడింది. “హరీ” అన్న గొంతు మధ్యలో తెగిపోయింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆగిపోయిందేమో అని ఆశపడ్డాను. రెండో చెంబు పడింది. తర్వాత మూడోది. ప్రతి చెంబుకూ లేచి వెళ్ళి చేయి పట్టుకోవచ్చు. లేవలేదు. నాకు వెచ్చగా ఉంది.

ఆమె వణుకుతూనే అందరికీ ఉప్మా చేసింది, అన్నం, పప్పు వండింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. సాయంత్రానికి జ్వరం, ఛాతీలో గురగుర. మర్నాడు బాబాయి ఆమెను కిందికి, సిమ్లా దవాఖానకు తీసుకుపోయాడు. మిగతా వాళ్ళం పైకి పోయాం. అవును, నేను కూడా. మంచు ముట్టుకున్నాను. ఉప్పులా లేదు, పత్తిలా లేదు. చేతిలో ఉన్నంతసేపు కాలింది.

ఆమె మంచు చూడనే లేదు. దగ్గు మాత్రం వెంట తెచ్చుకుంది.

ఇంటికొచ్చాక, ఏమైందని అడిగిన వాళ్ళకల్లా నేనే కథ చెప్పాను. మా పెద్దమ్మకు మంచు దాకా పోయే ఓపిక లేక దాన్నే కరగదీసి నెత్తిన పోసుకుందనీ, వేడినీళ్ళు ఇస్తే మడి పోతుందని తన్నేసిందనీ. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అడిగి మరీ చెప్పించుకునేవారు. ఆమె ఎదుటే చెప్పాను. ఆమె కూడా నవ్వేది. నవ్వు దగ్గులోకి తిరిగేది. గిన్నె మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత బతికిన కొద్ది చలికాలాల్లో పొద్దున్నే ఆమెకు వేడినీళ్ళు నేనే తోడి పెట్టేవాణ్ణి. కొడుకులున్న వాళ్ళకు కూడా ఇంత సేవ లేదని వాడకట్టు మెచ్చుకునేది. ఆమె మాత్రం బకెట్టు వైపు చూసి, ప్రతిసారీ అదే అడిగేది.

“ముందుగాల నువ్వు పోసుకున్నవా బిడ్డా?”

ప్రేమతో అడిగిందా? ఆనాడు నా తల తుడిచినప్పుడు ఆ కొంగుకు వెచ్చదనం తగిలిందా? నాకు తెలియదు. అడిగే ధైర్యం రాకముందే ఆమె పోయింది. ఆ ప్రశ్నకు ప్రతిసారీ నవ్వి ఊరుకున్నాను.

పోసుకున్నాను పెద్దమ్మా. ముందుగా నేనే పోసుకున్నాను. చుక్క మిగల్చలేదు.