మెట్ల మీద చెప్పులు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని భయం. మా బ్యాంకు పంజాగుట్ట బ్రాంచిలో హెడ్ క్లర్కు గారు, ఏ కోచింగ్ సెంటరు అప్పుకు వచ్చినా, ముందు వెళ్ళి ఆ మెట్ల మీది చెప్పులు లెక్కపెట్టి వచ్చేవారు. నేను కొత్త మేనేజర్ని. బ్యాలెన్స్ షీట్ ఎదురుగా ఉండగా ఈ చెప్పుల గోలేమిటని విసుక్కునేవాణ్ణి.

అంతలో బ్యాంకుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. ఆయన ఫారం పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"పోవాల్నా, ఉండాల్నా సార్? మీరు ఉండమంటే ఉంట."

ఆయన జీతం ఖర్చుల కింద స్పష్టంగా ఉంది. ఆయనకు తెలిసిన సంగతులు ఎక్కడ రాయాలో మాత్రం ఏ కాగితంలోనూ గడి లేదు. "మీ ఇష్టమండీ" అన్నాను. నా టేబుల్ మీదే సంతకం పెట్టి, కాసేపు అలాగే నిలబడ్డారు. ఎందుకో అర్థంకాక నేను ఫైల్లో తల దూర్చాను.

ఆయన జీతం మిగిలి, ఆ ఏడు బ్రాంచి లాభం పెరిగింది. పై ఆఫీసు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. సంతోషించాను, దాచడమెందుకు.

మరుసటేడు ఓ కోచింగ్ సెంటరాయన కొత్త కంప్యూటర్లకు అప్పడిగాడు. ఏమనిపించిందో, నేనూ వెళ్ళి మెట్లు చూశాను. కాలు పెట్టే సందు లేదు. గర్వంగా వచ్చి సంతకం చేశాను. నాలుగు నెలలకు అక్కడ తాళం వేలాడింది. అంతమంది పిల్లలు ఏమైపోయారు? ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు.

సిగ్గు చంపుకుని హెడ్ క్లర్కు గారింటికి వెళ్ళాను. ఆయన కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి, అంతా విన్నారు.

"మీరు మెట్లు చూడ ఎప్పుడు పోయిండ్రు సార్?"

"కొత్త బ్యాచ్ మొదలైన రోజునండీ."

"మొదటి మూడు దినాలు ఫ్రీ డెమో సార్. అమీర్‌పేట మొత్తం వస్తది. పైసలు కట్టేది ఎందరో అప్పుడేం తెలుస్తది? నేను నెల గడిచినంక పోతుంటి."

మరి నేను మెప్పు పొందిన ఆ లాభం ఏమిటి? నిజంగా లాభమేనా? ఇప్పటికీ తేల్చుకోలేను. అప్పుడు మాత్రం ఉక్రోషంగా, "ఈ మాట వెళ్ళేముందు చెప్పకూడదా?" అన్నాను.

"మీరు అడగలే గద సార్," అన్నారాయన మెల్లగా. "అడుగుతరనే గా దినం మీ టేబుల్ కాడ జరసేపు నిలబడ్డ."