సముద్రం లేని నేవీ

మన పిల్లలు కెనడాకు చదువు కోసం కాదు, ఇక్కడే స్థిరపడే పీఆర్ కోసమే వస్తారని మిస్సిసాగా విందుల్లో అందరూ తీర్పు చెప్పేస్తుంటారు. నేనొప్పుకోను. ఒషావా బస్సులో నా పక్కన కూర్చున్న తెలంగాణ అమ్మాయిని వాళ్లు చూడలేదు.

ఆ రోజు ఆమె క్లాసులో దక్షిణ అమెరికా దేశాల పరిచయం. వాళ్ల గ్రూపుకు బొలీవియా వచ్చింది.

"నా ఇంగ్లిష్‌కు నవ్వుతరని నన్ను స్లయిడ్లు మార్చుమన్నరు ఆంటీ. నేనే మాట్లాడుత అన్న. ఇప్పుడు భయమైతుంది."

"ఏదీ, నాకు చెప్పు."

రాజధాని, జనాభా, స్పానిష్ భాష అంటూ గొణిగింది.

"నాకే నిద్రొస్తోంది. ఇంకేం లేదా ఆ దేశంలో?"

"సముద్రం లేదాంటీ, యుద్ధంల పోయింది. కానీ నేవీ ఉంది."

"సముద్రం లేకుండా నేవీ ఎందుకు? దండగ!"

"దండగెట్లయితది?" గొంతు పెంచింది. "పెద్ద లేక్ ఉంది, దాంట్ల ప్రాక్టీస్ చేస్తరు. సముద్రం దొరికినంక నేర్చుకుందామంటే అయితదా?"

"నాతో పోట్లాడినట్టే అక్కడా మాట్లాడు. ముందు ఇదే చెప్పు," అన్నాను.

నవ్వింది. కాలేజీ దగ్గర దిగుతూ డ్రైవరుకు బస్సంతా వినబడేలా థాంక్యూ చెప్పింది.

ఇంతకీ క్లాసులో నేవీతో మొదలుపెట్టిందా, రాజధానితోనా?