ఎడమచేతి వీణమ్మ

విజయనగరంలో ఎడమచేతి వీణమ్మ దగ్గరికంటే చాలు, ఆటోవాడు మారుమాట్లాడకుండా తీసుకెళ్లి దింపుతాడు. లోకమంతా కుడిచేత్తో వీణ మీటితే ఆ సిమెంటు బొమ్మ ఎడమచేత్తో మీటుతుంది మరి! ఊరు ముద్దుగానే పిలుచుకుంటోంది. ఆ పేరు వింటే లక్ష్మీకామేశ్వరికి మాత్రం ఇప్పుడు తల కొట్టేసినట్టు ఉంటుంది.

ఆవిడ వీణ టీచరు. బొమ్మకి నమూనా ఆవిడే. చీపురుపల్లి శిల్పి ఏసురాజు ఫొటో అడిగితే, శిష్యురాలు గౌతమి సెల్‌ఫోన్ ముందువైపు కెమెరాతో తీసి పంపింది. సిమెంటు పోసే ముందు చేసే మట్టిబొమ్మ అయ్యింది, ఓసారి వచ్చి చూడమని అతను మూడుసార్లు కబురు పెట్టాడు. "ఫొటోలో ఉన్నదున్నట్టు చెయ్యమను" అందావిడ. పని ఉందట! ఏం పనీ లేదు. అతనుండే పేటలో అడుగు పెట్టడం ఇష్టం లేదు, అంతే.

ముసుగు తీసిన రోజు జనం గొల్లుమన్నారు. బొమ్మ పెట్టించిన కమిటీ పెద్ద హరిబాబు ఆవిడకి మైకు ఇచ్చాడు. "సంగీత గంధమైనా లేనివాళ్లకి అప్పజెబితే ఇంతే కదండీ!" అనేసింది. ఏసురాజు జేబు మీద చెయ్యి వేసుకుని తల దించుకుని వెళ్లిపోయాడు. పీఠం మీద ఉన్న అతని పేరు చెరిపేశారు. మళ్లీ ఎవరూ అతనికి బొమ్మ పని ఇవ్వలేదు.

రెండేళ్లకి, మొన్న, గౌతమి బొమ్మతో సెల్ఫీ దిగింది. "టీచర్, విచిత్రం చూడండి! ఇందులో కుడిచేత్తోనే వాయిస్తోంది!"

సెల్ఫీలు తీసే ముందువైపు కెమెరా కుడిని ఎడమ చేస్తుందని ఆవిడకి అప్పుడు తెలిసింది. అంటే, తాము పంపిన ఫొటోయే తిరగబడిందన్నమాట. ఛీ, ఎంత మాట అన్నాను! ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు చీపురుపల్లి వెళ్లేసరికి ఏసురాజు ఎవరింటికో గోడ పూస్తున్నాడు. ఆవిణ్ణి చూసి తాపీ కింద పెట్టాడు.

"తప్పు నాది, ఏసురాజూ. ఫొటోయే తిరగబడింది."

"తెలుసమ్మా. ఆ దినం దాని ప్రింటు నా జేబులోనే ఉన్నాది."

"మరి తీసి చూపించలేదేం?"

"అంతమందిలో మీకు తలొంపులేటని ఊరుకున్నానమ్మా. మా ఇంటికి రండి, టీ తాగుదురుగాని."

ఈసారి వెళ్లింది. అతను బైబిల్లోంచి ఫొటో తీసి ఇచ్చాడు. వెనకవైపు పెన్సిలు రాత: "వీణ ఏ చేత్తో మీటుతారు? టీచరమ్మని అడగాలి." దాని కింద ఇంకో ముక్క: "ఉన్నదున్నట్టు చెయ్యమన్నారు."

సిగ్గుతో ఆవిడ ముఖం ఎత్తలేకపోయింది. అక్కణ్ణుంచే హరిబాబుకి ఫోన్ చేసి, బొమ్మ దగ్గర మళ్లీ మైకు పెట్టించమంది. తప్పు ఎవరిదో ఈసారి అందరిముందూ తనే చెబుతానంది.