కత్తెర పడని చీరలు

నా చిన్నప్పుడు, అమెరికాలోని ఇర్వింగ్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో, అమ్మ చీరలున్న సూట్‌కేసును ఎవరూ ముట్టుకునేవారు కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ జబ్బుచేసి పోయింది. ఆ తర్వాత నాన్న వంట నేర్చుకున్నారు, నాకు జడ వేయడం నేర్చుకున్నారు. అమ్మ మాట మాత్రం ఎత్తేవారు కాదు. నేనెత్తితే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయేవారు. అమ్మ గొంతు ఎలా ఉండేదో మరిచిపోతానేమోనని నాకు భయంగా ఉండేది.

కింది ఫ్లాట్‌లో వరంగల్ నుంచి వచ్చిన ఆంటీ ఒకావిడ ఉండేవారు. బడి వదిలాక నాన్న వచ్చేవరకు నేను ఆవిడ దగ్గరే. ఒక శనివారం నన్ను లైబ్రరీకి తీసుకెళ్లారు. అక్కడ గోడలనిండా బొంతల్లాంటి క్విల్టులు వేలాడుతున్నాయి. గుడ్డముక్కలు కలిపి కుట్టి ఒకదానిలో పొద్దుతిరుగుడు పొలాన్ని, ఇంకొకదానిలో వానలో తడిసే వీధిని తెచ్చారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ, "ఆంటీ, అమ్మ సారీస్‌తో మనం ఇట్లా మేక్ చేద్దామా?" అన్నాను.

ఆ సాయంత్రమే ఆంటీ నాన్నను అడిగారు. నాన్న ముఖం పాలిపోయింది.

"వాటికి కత్తెర పెట్టలేనండీ."

"కత్తెరెందుకన్నా? మా అమ్మ బొంత కుడితే చీర చీర లెక్కనే ఉంటది. మడతపెట్టి కుట్టుడే."

నాన్న మరునాడు సూట్‌కేసు తానే కిందికి మోసుకొచ్చారు.

నూలు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, అంచుల నుంచి లోపలికి వరుసలుగా కుట్టడం మొదలుపెట్టారు ఆంటీ. నాన్న గుమ్మంలోనే నిలబడిపోతే, "అన్నా, నాకు చూపు ఆనుతలేదు. జర సూదిల దారం ఎక్కియ్యవా" అన్నారు. రోజూ అదే మాట. ఆఫీస్ నుంచి రాగానే నాన్న నిలబడే దారం ఎక్కించేవారు. కొన్నాళ్లకు కూర్చున్నారు. తర్వాత చీర జారకుండా అంచు పట్టుకున్నారు. ఒకరోజు ఆంటీ టీ పెట్టడానికి లేస్తూ సూదిని ఆయన చేతిలోనే వదిలేశారు.

నాన్న కుట్లు వంకరటింకరగా పోయాయి. తల ఎత్తకుండానే, "ఈ ఆకుపచ్చది కట్టుకునే మీ అమ్మ డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్లింది. పార్కింగ్‌లో గుర్తుకు పెట్టిన ప్లాస్టిక్ కోన్‌ని గుద్ది, కారు దిగి దానికి సారీ చెప్పింది" అన్నారు. నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ఆంటీ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ రోజు టీ చాలా ఆలస్యమైంది.

అక్కడి నుంచి ప్రతి చీర నుంచీ ఒక కథ బయటికొచ్చింది. బొంత పూర్తయ్యాక లైబ్రరీ వాళ్లు దాన్నీ గోడకు వేలాడదీశారు. ఒక అమెరికన్ పెద్దావిడ ఆ వంకర వరుసలను వేలితో తడుముతూ ఇవెవరు కుట్టారని అడిగితే, "నేనే" అన్నారు నాన్న, కాస్త గర్వంగా. వారం తిరిగేసరికి ఆంటీ దాన్ని దింపించారు.

"గోడకేమన్నా చలి పెడ్తదా? పిల్లకు కప్పు అన్నా."

ఆ చలికాలమంతా నేనూ నాన్నా అమ్మ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఆంటీ చూపుకి ఏ లోపమూ లేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. హైవే మీద ఎగ్జిట్ బోర్డు అందరికంటే ముందు చదివేది ఆవిడే.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. తెలిసినవాళ్లింట్లో ఎవరైనా పోతే వెళ్తాను. ధైర్యంగా ఉండమని చెప్పను. చిక్కుడుకాయల సంచీ విప్పి, "కాస్త ఈనెలు తీసిపెడతారా, నా ఒక్కదానివల్ల కావడం లేదు" అంటాను. చేతులు కదలడం మొదలయ్యాక, పోయినవాళ్ల పేరు ఆ ఇంటివాళ్లే తమంతట తాము ఎత్తుతారు. నేను వింటూ కూర్చుంటాను.